తడిగుడ్డ కింద వెలుగు

ముప్పయ్యొక్క ఏళ్ళు రంగు తొట్ల మధ్య బతికినదాన్ని నేను. అన్నేళ్ళలో జనం నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒక్కటే, "రంగు పోదు కదా?" అని. చిలప, అంటే నూలు కట్ట, చేతికిచ్చినా, బారెడు గుడ్డ చేతికిచ్చినా అదే ప్రశ్న. పోదని నేను ఒక్కరికీ చెప్పలేదు. ఉతికి చూసుకుని మీరే చెప్పండి అనేదాన్ని. పని నేర్పిన మా నాన్న మాట అది. రంగు పోదని ఒట్టేసేవాడికి అమ్మడం తెలుసు గానీ అద్దడం తెలియదు అనేవాడు. ఆ పట్టుదలకి కొంతమంది విసుక్కుని పక్క షెడ్డుకి వెళ్ళిపోయారు. వెళ్తే వెళ్ళారు, అబద్ధమాడి నిద్రపోవడం నాకు చేతకాదు.

తరవాత మా షెడ్డున్న స్థలంలో బస్సుల డిపో కట్టాలన్నారు. తొట్లు పాతసామాన్ల వాళ్ళు పట్టుకుపోయారు. నేను ఇంట్లో కూర్చున్నాను. నెల తిరక్కుండా మా అన్నయ్యతో, వదినతో, మేడ మీద అద్దెకున్నవాళ్ళతో, చివరికి కారే కుళాయితో కూడా తగువు పెట్టుకున్నాను. నా బాధ పడలేక మా అన్నయ్య కూతురు తను పరిశోధన చేసే ల్యాబులో మూడు నెలల పని చూపించింది. అక్కడ గాజుసామాను కడిగే అమ్మాయి పురిటి సెలవు మీద వెళ్ళిందట. నువ్వు రంగుల్లో పుట్టావు, మా పనీ రంగులతోనే, రా అత్తా అంది. గాజుసామాను కడగడానికి రంగుల్లో పుట్టక్కర్లేదని నాకూ తెలుసు. అయినా వెళ్ళాను.

మూడో అంతస్తులో పొడవాటి గది. కిటికీ పక్కన ఓవెన్, దాన్ని ఆనుకుని రోజంతా గురకపెట్టే పంపు. రెండు సింకులు, అందులో ఒకదానికి నా వేలు పట్టేంత బీట. మూలన నల్లగుడ్డ తెర వేసిన చీకటి అర, ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బయటే వదిలేసి రావాలి. అందులో ఒక నీలిదీపం. గోడవారగా మా మేనకోడలి బల్ల. ఆ బల్లకి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క. రెండేళ్ళుగా ఆ పిల్ల ప్రాణమంతా ఆ బల్ల మీదే ఉంది.

ల్యాబు పెద్దావిడ అసలు పేరు తలుపు మీద ఉండేది. వెనకాల మాత్రం అందరూ కత్తెర మేడం అనేవాళ్ళు. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే మిగతా సగం కత్తిరించి జవాబు చెప్పేసేది. జవాబు సరైనదే అయ్యేది, అదే ఇంకా కష్టం. ఇక కింది అంతస్తులో మంటమీద గాజు వంచి, ఊది, అతికించి మాకు కావలసిన గొట్టాలన్నీ చేసిపెట్టే పెద్దమనిషిని అందరూ గాజు బాబాయి అనేవాళ్ళు. ఆయన నాకంటే నాలుగేళ్ళు చిన్న. అయినా లోకంతో పాటు నేనూ బాబాయిగారూ అని పిలిచాను. మొదటిరోజు ఆయన మొహం చూసి తీరాల్సింది. మర్నాటినుంచి పగబట్టినట్టు నన్ను అక్కగారూ అనడం మొదలుపెట్టాడు.

మొదటి సాయంత్రమే మా మేనకోడలు తన పనేమిటో చెప్పింది. చిన్న సీసాలో బియ్యప్పిండిలా తెల్లగా ఉన్నది తీసి చూపించింది. పేరు జియోలైట్ అట.

"ఇందులో ఒక్కొక్క రేణువూ ఒక స్ఫటికం అత్తా. దాన్నిండా ఈ కొస నుంచి ఆ కొసకి సన్న సొరంగాలుంటాయి. ఎంత సన్నం అంటే రంగు అణువులు పక్కపక్కన పట్టవు, ఒకదాని వెనక ఒకటి వెళ్ళాల్సిందే."

ఆ సొరంగాల్లోకి రెండు రంగులు పంపాలి. ముందు పసుపురంగు పొడి. నీలిదీపం కింద పెడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. తరవాత ముదురు గులాబీ పొడి, అది ఎర్రగా వెలుగుతుంది. బస్సులో ముందెక్కినవాళ్ళు మధ్యకి జరిగితే చివరెక్కినవాళ్ళు తలుపుల దగ్గర నిలబడినట్టు, ముందు పంపిన పసుపు నడుమ సర్దుకుంటుంది, వెనక వచ్చిన గులాబీ రెండు మూతుల దగ్గర ఆగుతుంది. అప్పుడు నీలి వెలుగు వేస్తే నడుమనున్నవాళ్ళు దాన్ని పట్టుకుని చేతులు మార్చుకుంటూ కొసల దాకా అందిస్తారు. పిండి మొత్తం ఎర్రగా వెలుగుతుంది. వెలుగు కొసకి చేరకపోతే పచ్చగానే ఉండిపోతుంది.

ఈ చేతులు మార్చుకోవడం నాకు వెంటనే అర్థమైంది. మా షెడ్డులో తొట్టి దగ్గర్నుంచి ఆరవేసే తీగ దాకా తొమ్మిదిమందిమి వరసగా నిలబడి తడి చిలపలు నేలకి తగలకుండా అందించుకునేవాళ్ళం. ఒక్కరు పక్కకి చూసినా సరుకు మట్టిపాలే.

ఇదంతా దేనికని అడిగాను. చెట్టు ఆకు చేసే పని ఇదేనట. అందులోని రంగు అణువులు వేలమంది కలిసి ఎండ పట్టుకుని ఒక్కచోటికి చేరుస్తారట. చెదురుమదురు వెలుగుని అలా ఒకచోట చేర్చగలిగితే దానితో కరెంటు పుట్టించడం తేలికట.

"ఆకుకి ఇదంతా ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదు అత్తా."

"మరి నీకు నేర్పడానికి ఇన్నేళ్ళు పట్టిందేం?"

నవ్వింది గానీ గోళ్ళు కొరుక్కుంది. అసలు సంగతి అప్పుడు చెప్పింది. రంగులు లోపలికి వెళ్తున్నాయి. వారం తిరిగేసరికి గాల్లో తేమకి బయటికి వచ్చేస్తున్నాయి. మూతులకి బిరడాలు పెట్టాలని వేరే అణువులు తయారుచేసింది, అవీ సరిగ్గా కూర్చోవడం లేదు. కత్తెర మేడం గడువు పెట్టేసింది. వచ్చే నెలాఖరులోగా తేమలో వారం ఉండి కూడా ఎర్రగా వెలిగే పలక ఒక్కటి చూపించాలి. లేదంటే ఆ బల్ల ఇంకొకరికి వెళ్తుంది, ఈ పని మూతబడుతుంది, మా పిల్ల మిగతావాళ్ళ నమూనాలు కొలిచిపెడుతూ కాలం గడపాలి. రంగు పోకుండా ఉండాలి, అంతే కదా అన్నాను నేను. అంతే అంది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా వింటున్న ప్రశ్నే ఇక్కడా ఎదురొచ్చింది.

నా పని ఇలా ఉండేది. తెల్లపిండి నింపిన నాలుగు గాజుగొట్టాలు రాత్రంతా ఓవెన్‌లో ఎండేవి, పంపు వాటిలో గాలి లాగేసేది. పొద్దున్నే నేను తీసి, మూతులకి దూది పెట్టి, పెట్టెలో నిలబెట్టేదాన్ని. మా పిల్లకి ఆ వేళకి కాలేజీ పిల్లలకి పాఠం ఉండేది. తను వెళ్ళేముందు తూచి పెట్టిన రంగు నేను గొట్టాల్లో వేసి గాజు బాబాయికి అందిస్తే, ఆయన ఇంకోసారి గాలి లాగి మూతులు మంటలో కరిగించి మూసేసేవాడు. మూసిన గొట్టాలు మళ్ళీ ఓవెన్‌లోకి వెళ్ళేవి, ఆ వేడికి రంగు ఆవిరై పిండిలోకి దూరాలి. పాత అమ్మాయి గొట్టాలు పట్టుకుని మెట్లమీద పరుగెత్తేదట. నా మోకాళ్ళకి పరుగులు పడవు. అందుకని బాబాయిగారు కాఫీ తాగి తనే పైకి వచ్చి పట్టుకెళ్ళేవాడు. ఆ కాఫీ అరగంట పట్టేది.

ఆ అరగంటా నేను గొట్టాల మీద తడిగుడ్డ కప్పేదాన్ని.

ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. రంగు పనిలో పొడి సరుకు తొట్టిలో వేయడమంత తప్పు ఇంకోటి లేదు. పొడి నూలు రంగు పట్టదు, పట్టినా మచ్చలుగా పడుతుంది. ముందు బాగా తడిపి, తడి ఆరని పదునులో ఉంచి, అప్పుడు ముంచాలి. పొద్దున్న తడిపిన చిలపలు మధ్యాహ్నం దాకా ఆరకుండా తడిగుడ్డ కప్పడం మా నాన్న నాకు మొట్టమొదట అప్పగించిన పని. ఎండి ఎండి బయటికొచ్చిన ఈ పిండిని చూస్తే నా ప్రాణం ఊరుకోలేదు. పైగా గుడ్డ కింద గొట్టాలు అరగంట తరవాత కూడా గోరువెచ్చగా ఉండేవి. పొదిగిన గుడ్లలా ఉన్నాయని మురిసిపోయేదాన్ని.

మొదటి విడత పచ్చగా కూడా వెలగలేదు. రంగు పిండి మీద పొడిపొడిగా కూర్చుంది, లోపలికి వెళ్ళలేదు. రెండో విడతా అంతే. మూడో విడతకి మా పిల్ల ఓవెన్ మార్చింది, పంపులో నూనె మార్చింది, దూది కూడా మార్చింది. నేను మాత్రం తడిగుడ్డని ఇంకొంచెం ఎక్కువ తడిపాను. పాపం, పిండి బాగా ఎండిపోతోందేమో అని నా అనుమానం.

మూడోదీ పోయింది. అంతకుముందు లోపలికెళ్ళిన రంగు బయటికొచ్చేది, ఇప్పుడు లోపలికే వెళ్ళడం లేదు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా పని. గడువింకా పదహారు రోజులు. ఇంట్లో మా పిల్ల అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. వదిన నావంక చూసేది, నేను గోడవంక చూసేదాన్ని.

ఆ బుధవారం సాయంత్రం అది బల్ల దగ్గర ఊరికే కూర్చుంది. పిండే చెడ్డదని తేల్చేసింది. మర్నాడు మేడంతో చెప్పి ఉన్నదంతా పారేసి కొత్తది తెప్పించాలట. అది రావడానికే పది రోజులు. ఇక లాభం లేదని తనకీ తెలుసు. ఉన్నట్టుండి ఓవెన్‌లోంచి ఒక గొట్టం తీసి, చల్లారాక నా అరచేతిలో చిటికెడు ఎండిన పిండి పోసింది.

"ఏదీ పనిచేయకపోయినా ఇదొక్కటి పనిచేస్తుంది, చూడు అత్తా."

దాని మీద ఒక్క నీటిచుక్క వేసింది. నా అరచేయి వెచ్చబడింది. చల్లటి పిండి, చల్లటి నీళ్ళు, మధ్యలో ఈ వెచ్చదనం ఎక్కడిదా అని చూశాను.

"దానికి దాహం. గాల్లో తేమ తగిలినా తాగేస్తుంది. తాగుతున్నప్పుడు ఇలా వేడెక్కుతుంది. నీళ్ళు ఒకసారి సొరంగాల్లో కూర్చున్నాయంటే ఇంక రంగుకి చోటుండదు. ఈ పనిలో చేరినప్పట్నుంచీ నాకు ఈ ఆట ఇష్టం."

నేను గుప్పెట మూసేశాను. గుడ్డ కింద పొదిగిన గుడ్లలా వెచ్చగా ఉన్న గొట్టాలు నాకు గుర్తొచ్చాయి. పన్నెండు గొట్టాలు. తడిగుడ్డతో గొంతు కోశాడు అని జనం అంటుంటే ఎవడో నంగనాచి గురించి అనుకునేదాన్ని. తీరా చూస్తే అన్నయ్య కూతురి గొంతు నేనే కోశాను, అదీ ప్రేమగా, మూడుసార్లు.

ఆ రాత్రి తేలు కుట్టిన దొంగలా పడుకున్నాను. నాకు ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది, దాచను. రేపటినుంచి గుడ్డ కప్పకపోతే సరి. రంగు ఎక్కుతుంది, పిల్ల సంతోషిస్తుంది, ఎవరికీ తెలియదు. అయితే కొత్త పిండి వచ్చింది కాబట్టే బాగుపడిందని అది పుస్తకంలో రాసుకుంటుంది. మంచి పిండిని చెడ్డదని పారేస్తుంది. రంగు ఎందుకు పట్టలేదో తెలియని మనిషికి, పట్టినప్పుడు ఎందుకు పట్టిందో కూడా తెలియదు. అలాంటి పనివాళ్ళని నేను నా షెడ్డులో ఒక్కరోజు ఉంచలేదు. ఇప్పుడు నా మూలంగా నా మేనకోడలే అలా తయారవడం నాకు ఇష్టం లేకపోయింది.

మర్నాడు మా పిల్లా మేడమూ బల్ల దగ్గర మాట్లాడుకుంటుంటే కడిగిన గ్లాసుల పళ్ళెం పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. మా పిల్ల పిండి గురించి మొదలుపెట్టింది. పారేసెయ్ అని మేడం సగంలోనే కత్తిరించేసింది.

"పిండి మంచిదే మేడం," అన్నాను. "పాడుచేసింది నేను."

"మీరు గాజుసామాను కదా చూసేది," అంది, నా మాట అయిపోయిందనుకుని.

నేను నీళ్ళు నమిలే రకం కాదు గానీ ఆ పూట నాలుగు గుక్కలు నమిలాను. తరవాత అంతా చెప్పాను. చిలపలు, పదును, తడిగుడ్డ, అరగంట, కాఫీ.  విచిత్రంగా ఆవిడ ఒక్కసారి కూడా కత్తిరించలేదు. అంతా విని రెండే అడిగింది. గుడ్డలో నీళ్ళు పిండేసి కప్పేవారా, పిండకుండానా అని ఒకటి. గొట్టాలు వేడెక్కాయా అని ఒకటి. వెచ్చగా ఉండేవి, మురిసిపోయాను కూడా అని చెప్పాను.

ఆవిడ నవ్వింది. అది మామూలు నవ్వు కాదు, కుర్చీ చెయ్యి పట్టుకుని ఒరిగిపోయి నవ్వింది. కింద గాజు బాబాయికి కూడా వినిపించి, ఎవరికో ఫిట్సొచ్చాయని పరుగెత్తుకొచ్చాడు. కాస్త తేరుకున్నాక గోడకి అంటించిన పని కాగితం దగ్గరికి వెళ్ళి, ఓవెన్‌లోంచి తీసి అన్న మాట పక్కన తన చేత్తో 'వెంటనే' అని రాసింది. ఆ కాగితం రాసింది తనేనని, ఆ మాట మర్చిపోయింది కూడా తనేనని చెప్పింది. ఇన్నాళ్ళూ పాత అమ్మాయి పరుగే ఆ మాట పనిచేసిందట.

మా పిల్ల మాత్రం సింకు దాకా వచ్చి నావంక తిరిగింది. తిడుతుందనే అనుకున్నాను. తిట్టాల్సిందే.

"మూడు విడతలు అత్తా. చంటిపిల్లలకి దుప్పటి కప్పినట్టు కప్పావా?"

"చలేస్తుందనుకున్నానే," అన్నాను.

అంతే, ఇద్దరం సింకు పట్టుకుని నవ్వాం. దానికి కళ్ళనీళ్ళొచ్చాయి, నాకూ వచ్చాయి. నావి పూర్తిగా నవ్వువి కావు.

మర్నాడు బాబాయిగారి కాఫీ రద్దయింది. ఆయన మంటగొట్టం పైకే తెచ్చుకుని ఓవెన్ పక్కనే నిలబడ్డాడు. నేను తీయడం, పిల్ల రంగు వేయడం, ఆయన మూయడం, మూడు నిమిషాల్లో నాలుగు గొట్టాలు. మొదటిరోజు పసుపు ఎక్కించి, రెండోరోజు అదే వరసలో గులాబీ ఎక్కించాం. మూడోరోజు మొదటి గొట్టం పగలగొట్టి చీకటి అరలోకి వెళ్ళాం. నీలిదీపం వేసింది. బొగ్గుకణిక మీద ఊదినట్టు పిండి ఎర్రగా లేచింది. నేను వేలకొద్దీ చిలపలకి ఎరుపు వేశాను. ఆ ఎరుపు వెలుగు పడితే కనిపించేది. ఇది తనే వెలుగు. 

ఇల్లలకగానే పండగ కాదని నాకు తెలుసు గనక మర్నాటినుంచి కడగడం మీద పడ్డాను. సొరంగాల్లో పట్టక స్ఫటికాల ఒంటికి అంటుకున్న రంగుని ఆల్కహాల్‌తో కడిగేయాలి. పిండిని అందులో కలిపి, గిరగిరా తిప్పే మిషన్‌లో వేస్తే పిండి అడుగుకి దిగుతుంది, పైది పారబోయాలి. కాగితంలో మూడుసార్లు అని ఉంది. మూడోసారి పైది నీళ్ళలా తేటగా వచ్చింది. చాలు అంది మా పిల్ల.

కంటికి తేటగా కనిపించిన కడుగు నీళ్ళని నేను జన్మలో నమ్మలేదు. సంచిలోంచి తెల్ల దారప్పోగు తీసి అందులో ముంచి చీకటి అరలోకి తీసుకెళ్ళాను. నీలిదీపం కింద పోగు పచ్చగా మెరిసింది.

"ఇదిగో, ఇంకా వదులు రంగుంది. ఇది పోకుండా నీ బిరడాలు ఎక్కడ కూర్చుంటాయే? గుమ్మం నిండా చెప్పులుంటే తలుపు పడుతుందా?"

అది పోగువంక చూసింది, నావంక చూసింది. రెండేళ్ళుగా బిరడాలు సరిగ్గా కూర్చోకపోవడానికి అదే కారణమై ఉండొచ్చంది. ఉండొచ్చు అనేది వాళ్ళ భాష. చూసి చెప్పాలంటే రెండు రకాలుగానూ చేయాలట. సగం పిండి మూడు కడుగులతో ఆపేసింది. మిగతా సగం నాకిచ్చింది. నీలిదీపం కింద పోగు వెలగకుండా నల్లగా కనిపించేదాకా కడిగాను. పదకొండు కడుగులు పట్టాయి. నా తొట్టి దగ్గరైతే పద్నాలుగు పట్టేవి, కాబట్టి నేనేం విసుక్కోలేదు.

రెండింటికీ బిరడాలు పెట్టి, చిన్న గాజు పలకల మీద పల్చగా పూసింది. ఇక తేమలో వారం ఉంచాలి. దానికి వాళ్ళ దగ్గర ఒక పెట్టె ఉంది, అది పనిచేయక ఆరు నెలలైంది. కత్తెర మేడం నావంక తిరిగి చాలా మర్యాదగా అడిగింది.

"మీ తడిగుడ్డ ఖాళీగానే ఉందా?"

ఉంది. కానీ ఇంటి గుడ్డ పనికిరాలేదు. సబ్బుపొడిలో కలిపే మెరుపు మందు వల్ల నీలిదీపం కింద గుడ్డే తెల్లగా వెలిగింది, అప్పుడే తెర ఎత్తిన గాజు బాబాయి కెవ్వుమని వెనక్కి దూకాడు. సబ్బు మొహం చూడని కొత్త నూలుగుడ్డ రెండు ముక్కలు చింపి, తడిపి, చెరో పలక మీదా కప్పాను. ఆరకుండా రోజుకి మూడుసార్లు నీళ్ళు చిలకరించాను. ఏ తడపడంతో ఇన్ని తిప్పలు తెచ్చానో ఆ తడపడమే ఇప్పుడు నా ఉద్యోగం. ఈసారి మాత్రం పెట్టె మీద తేదీతో సహా అంతా రాసి ఉంది.

ఆ ఏడు రోజులూ మా పిల్ల గుడ్డ అంచు ఎత్తి చూడబోవడం, నేను దాని చేతి మీద కొట్టడం. ఉడుకుతున్న తొట్టి మూత తీసి చూసేవాళ్ళని మా నాన్న గరిటెతో కొట్టేవాడు. నేను చేత్తోనే కొట్టాను, నాది మెత్తటి మనసు.

నెలాఖరుకి ఒకరోజు ముందు, పొద్దున పదకొండుకి కత్తెర మేడం వచ్చింది. అందరం చీకటి అర ముందు చేరాం. లోపల మేడం, మా పిల్ల, నేను. తెర అవతల బాబాయిగారు. మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

మొదట మూడు కడుగుల పలక. ఎరుపు ఉంది గానీ కసరు పచ్చ కలిసి మురికిగా ఉంది. గుడ్డ తిప్పి దీపం కింద పెట్టాం. పలక ఉన్నంతమేరా పచ్చటి మరక. రంగు దిగింది. నా చేతిలో ఆ పిల్ల చెయ్యి వదులైపోయింది. మేడం ఊపిరి తీసి ఏదో అనబోయింది.

"ఆగండి మేడం," అన్నాను. కత్తెర మాటకి నేను కత్తెర వేశాను, ఆ గదిలో అదివరకు ఎవరూ వేయలేదనుకుంటాను. "రెండోది ఉంది. ముందు గుడ్డ చూద్దాం."

పలకని చూస్తే కళ్ళు ఆశపడి మోసపోతాయి. గుడ్డకి ఆశలుండవు. రెండో గుడ్డ మెల్లగా ఎత్తి, నీలిదీపం కింద పరిచాను. నలుపు. అంచునుంచి అంచుదాకా చూశాను, తిరగేసి చూశాను, మడత విప్పి చూశాను. ఒక్క చుక్క వెలుగు లేదు. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఏ రంగుకీ నా గుడ్డ అంత శుభ్రంగా తిరిగి రాలేదు. 

అప్పుడు పలక పెట్టింది మా పిల్ల. ఎరుపు. ఏడు రోజులు తడిగుడ్డ కింద పడుకుని లేచిన ఎరుపు, మొదటిరోజు చూసిన ఎరుపే. దాని వెలుగులో పిల్ల మొహం కనిపించింది. నోరు తెరుచుకుని, ఏడేళ్ళప్పుడు మా షెడ్డులో తొట్టి అంచు పట్టుకుని చూసినట్టే చూస్తోంది. తెర అవతల బాబాయిగారు ఏమైంది, ఏమైంది అని అడుగుతున్నాడు. ఎవరం చెప్పలేదు, అది మా స్వార్థం.

కత్తెర మేడం ముందుకి వంగింది. పలక చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, కంటి దగ్గరగా పెట్టుకుంది. ఆ తిప్పడం నాకు బాగా తెలుసు. ఆ తరవాత వచ్చే ప్రశ్నా తెలుసు. ఎంత చదువుకున్నా, రంగు చేతికొచ్చిన మనిషి ఒకలాగే ఉంటుంది.

"రంగు పోదు కదా?" అంది.

మా పిల్ల నావంక చూసింది. నా జవాబు దానికి చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. ఉతికి చూసుకుని మీరే చెప్పండి అంటానని ఎదురుచూస్తోంది. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పదకొండు కడుగులు గుర్తొచ్చాయి, నల్లగా ఉన్న గుడ్డ గుర్తొచ్చింది. ఇది అమ్మడం కాదు నాన్నా అనుకున్నాను.

"పోదు," అన్నాను.

తెర తీశాం. బల్ల అక్కడే ఉంటుందని మేడం నడుస్తూనే చెప్పేసింది, పొట్టికాలికి వడ్రంగిని కూడా పిలవమంది. మా పిల్ల నన్ను వాటేసుకుని వదల్లేదు. నేను వదిలించుకుని, పలక మీద ఇంకో వారం కప్పి చూద్దామని, గుడ్డ మళ్ళీ తడపడానికి సింకు దగ్గరికి వెళ్ళాను.